ఎడంపక్క ఏముంది

హారన్ కొట్టినందుకు నన్ను ఫెయిల్ చేశారు. ఈ మాట చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. గోదావరి జిల్లాలో హారన్ కొట్టకపోతే తప్పు గానీ కొడితే తప్పేమిటి? మలుపు దగ్గర కొడతాం, గేదె అడ్డొస్తే కొడతాం, ఎదర ఎవరైనా పెద్దాయన సైకిల్ మీద పోతుంటే "వస్తున్నామండోయ్, చూసుకోండి" అన్నట్టు మర్యాదగా కొడతాం. అబూధాబీ రోడ్డు మీద ఒకాయన డివైడర్ దిగి అడుగు ముందుకేస్తే నేనూ ఆ మర్యాదే చేశాను. పక్కన కూర్చున్న పోలీసావిడ నా మొహం కూడా చూడలేదు. "లేష్ హార్న్?" అంది. ఎందుకు కొట్టావని. బండి పక్కకు తీయించి, చేతిలో కాగితం మీద ఒక గీత గీసింది. ఖలాస్. వెనక సీట్లో తమ వంతు కోసం కూర్చున్న ఇద్దరాడవాళ్ళు అయ్యో పాపం అన్నట్టు చూశారు. ముందు కూర్చున్నది ఫెయిలైతే తర్వాత వాళ్ళు పాసవుతారని అక్కడొక నమ్మకం ఉండేది, కాబట్టి ఆ జాలి ఎంత లోతో నాకు తెలుసు.

అది రెండోసారి. మొదటిసారి రౌండబౌట్ దగ్గర అలవాటు కొద్దీ ముందు కుడివైపు చూసి పోయింది. అక్కడ బండ్లు ఎడంపక్క నుంచి వస్తాయి. ఇక మూడోది మిగిలింది. అది కూడా పోతే నా ఉద్యోగం పోతుంది.

అప్పుడు నేను అబూధాబీ శివారు బనియాస్‌లో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుని. ఆ ఏడాది మావాళ్ళు ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళకు ఇంజెక్షన్లు చేసే, పుళ్ళు కడిగి కట్లు మార్చే పని మొదలుపెట్టారు. మా ముదీర్, అంటే మేనేజరు, నర్సులందరినీ నిలబెట్టి, కాంట్రాక్టు ముగిసేలోగా లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళకే కొత్త కాంట్రాక్టు అన్నాడు. నాది రెండు నెలల్లో ముగుస్తుంది. ఫెయిలైన ప్రతిసారీ మళ్ళీ ఇన్ని క్లాసులని రాసిచ్చేవారు, అవి అయ్యేదాకా పరీక్ష తేదీ ఇచ్చేవారు కాదు. ఎంత ఈడ్చినా ఆ రెండు నెలల్లో ఇంకొక్క తేదీకి మించి పట్టదు.

మా ఆయన అప్పటికే పదకొండేళ్ళుగా ఫ్యాక్టరీల పేట ఐకాడ్‌లో ఒక కంపెనీ బస్సు నడుపుతున్నారు. పొద్దున్న క్యాంపు నుంచి నలభై మంది కూలీలను సైటుకు తీసుకెళ్ళడం, సాయంత్రం తిరిగి తీసుకురావడం. అంతకుముందు కాకినాడ రేవు నుంచి లారీ తోలారు. ఇన్నేళ్ళలో ఎవరికీ గోరంత గాయం చెయ్యలేదని ఆయనకు గర్వం. నా రెండో ఫెయిల్ విని అన్నం కలుపుతూ నవ్వారు.

"సిస్టరుగారు హారన్ కొట్టేరా? ఇంజెక్షన్ చేసేముందు కూడా కొడతారా ఏటి?"

నాకు ఒళ్ళు మండింది. కంచం ముందు నుంచి లేచిపోయాను.

నాకు డ్రైవింగ్ నేర్పే ఆవిడ హైదరాబాదీ ముస్లిం, నల్గొండలో పెరిగింది. నేను ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. మిగతా ఆడవాళ్ళతో ఉర్దూలో మాట్లాడేది, నాతో మాత్రం తెలుగు. ఫెయిలైన మర్నాడు బండి ఎక్కగానే స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు.

"బేటా, నీకు బ్రేకొచ్చు, గేరొచ్చు, పార్కింగొచ్చు. నీకు ఖత్రా కనవడ్తలేదు. మనిషి రోడ్డు మీదికి వచ్చినంక చూస్తున్నవ్. రాకముందే చూడాలె."

"రానివాణ్ణి ఎలా చూస్తాం ఆపా?"

"బస్సుల ముందట కూసో. డ్రైవరు బ్రేకు మీద కాలు వెట్టకముందే ఏమొస్తదో నువ్వు చెప్పు. గంతే. ఇంట్ల డ్రైవరున్నడు గదా, ఆయన్ని పక్కన కూసవెట్టుకో."

అలా మా శుక్రవారాలు మొదలయ్యాయి, అక్కడ సెలవు రోజది. మధ్యాహ్నం తిన్నాక బనియాస్‌లో సిటీ బస్సెక్కడం, చివరిదాకా పోవడం, అదే బస్సులో తిరిగి రావడం. ముందు సీట్లు ఆడవాళ్ళవి. పక్కన భార్య ఉంటే మగవాళ్ళను కూడా ఏమీ అనేవారు కాదు గానీ, ఇంకో ఆడమనిషి ఎక్కితే మా ఆయన ఠక్కున లేచి నా వెనక కడ్డీ పట్టుకుని నిలబడేవారు. అక్కణ్ణుంచే వంగి అడిగేవారు.

"ఎదరేముంది సిస్టరుగారూ?"

"ఆగిన టాక్సీ అండి. తలుపు తెరుస్తాడేమో."

"ఆయ్. ఇంకా?"

"ఆ నీళ్ళ ట్యాంకరు."

"ట్యాంకరు ఎవడిక్కావాలే? దాని కింద చూడు. కాళ్ళు కనపడతన్నాయా లేదా? కాళ్ళుంటే మనిషొస్తాడు."

నిజంగానే చక్రాల మధ్య నుంచి రెండు చెప్పుల కాళ్ళు నడిచి వచ్చేవి. మసీదు దాటేటప్పుడు జనాన్ని కాదు, మెట్ల మీద చెప్పుల్ని చూడమనేవారు. చెప్పులు కుప్పగా ఉన్నాయంటే అందరూ లోపలే ఉన్నట్టు, ఏ క్షణానైనా బిలబిలమంటూ వస్తారు. మెట్లు ఖాళీగా ఉంటే ఎప్పుడో వెళ్ళిపోయారన్నమాట. ఆగిన కారులో డ్రైవరు అద్దంలోకి చూస్తున్నాడంటే కదలబోతున్నాడు. ఇవన్నీ ఆయనకు ఎవరూ నేర్పలేదు, పాతికేళ్ళ రోడ్డు నేర్పింది. అన్నేళ్ళ కాపురంలో ఆయన తెలివిని నేను అంత దగ్గరగా చూడలేదని ఒప్పుకోవాలి. మా ట్రైనింగ్‌లో మేట్రనమ్మ ఒక మాట చెప్పేది, అరిచే పేషెంటు సంగతి తర్వాత, అరవనివాడి దగ్గరకు ముందు వెళ్ళమని. అది చెబితే ఆయన "అదేనే, అదే" అని తొడ చరిచారు.

మూడో శుక్రవారం తిరుగు ప్రయాణంలో, ఎడంపక్క డివైడర్ మీద నీలం కవరాల్ తొడుక్కున్న మనిషి చేతిలో ప్లాస్టిక్ సంచీతో నిలబడి ఉన్నాడు. ఒక కాలు అప్పటికే అంచు మీద ఉంది.

"ఎడంపక్క మనిషండి. దిగేలా ఉన్నాడు," అన్నాను.

"ఎక్కడే?"

ఆయన మెడ మొత్తం అటు తిప్పారు. అప్పటికే బస్సు డ్రైవరు బ్రేకు నొక్కాడు, మేమంతా ముందుకు తూలాం.

"మాస్టారే ఫెయిలండి," అన్నాను సంబరంగా.

"పరాగ్గా ఉన్నాలే," అన్నారు.

ఇంకో రెండు సిగ్నళ్ళు దాటాక ఎడమ వరసలోంచి ఒక పికప్ మా ముందుకు తోసుకొచ్చింది. నాకు ముందే కనిపించింది. ఆయనకు అది బస్సు ఎదురుగా వచ్చి నిలిచేదాకా కనిపించలేదు. ఈసారి నేను వెక్కిరించలేదు. బస్సులో చల్లగానే ఉంది గానీ నా వీపు మీద చెమట పట్టింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టలేకపోయానని ఇప్పుడు సమర్థించుకోవచ్చు గానీ, నేను నర్సుని. ఆర్నెల్లుగా ఆయన ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంటోంది. ఎడమచేతి పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసు మూడుసార్లు దొర్లించారు. "కళ్ళు నెత్తి మీదున్నాయా?" అని తిట్టి తుడిచింది నేనే. మిగతా దారంతా ప్రశ్నలు నేను వేశాను, మామూలుగా, ఆటలాగే. కుడిపక్కవన్నీ నాకంటే ముందు చెప్పారు. ఎడంపక్క ఏముందంటే మెడ తిప్పాకే చెప్పారు.

ఇంటికొచ్చాక ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి ఎదురుగా స్టూలు వేసుకున్నాను. నేనేం చెయ్యబోతున్నానో ఆయనకు అర్థమైంది. కుడికన్ను మూయించాను.

"నా ముక్కు చూడండి. వేళ్ళెన్ని?"

"రెండు."

నేను చెయ్యి ఎత్తలేదు. నా రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

తర్వాత ఆయనే లేచి అన్నం సంచీ తీశారు. టిఫిన్ కేరియర్ కింద పాత తువ్వాల్లో చుట్టి చిన్న చుక్కల మందు సీసా ఉంది. ఐదు నెలల కిందట ఒక్కరే సిటీకి వెళ్ళి కంటి డాక్టరుకు చూపించుకున్నారట. నీటికాసులన్నారట. ఎడమకంటిలో పోయిన చూపు రాదు, మిగిలింది కాపాడుకోవాలి, కుడికన్ను కూడా చూపించుకుంటూ ఉండాలి. బండి నడపకూడదు. డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే స్టోర్ కీపర్నని చెప్పారట.

"నలభై మందండి," అన్నాను.

"తెల్సు."

"వాళ్ళకి తెల్సా?"

ఆయన సీసాను మళ్ళీ తువ్వాల్లో చుట్టసాగారు.

"నాకు మాత్రం కాళ్ళు చూడు, చెప్పులు చూడు. చెప్పేవి శ్రీరంగనీతులు."

"మెడ తిప్పి చూసుకుంటన్నానే. నిదానంగా పోతన్నాను. నీ లైసెన్సు వచ్చేదాకానే అనుకున్నాను. నీకు ఉద్యోగం నిలిస్తే నీ వీసా మీద నన్ను పెట్టుకుంటావు, ఇక్కడే కన్ను చూపించుకుంటాను. ఇప్పుడే దిగిపోతే కంపెనీ వారంలో టికెట్టు చేతిలో పెడుద్ది. నీది కూడా పోతే ఇద్దరం పోతాం, అక్కడ ఈ కంటికి ఏ పెద్దాసుపత్రి చుట్టూ తిరుగుతాం?"

అప్పుడు తెలిసింది, నన్ను బస్సులో కూర్చోబెట్టి అంత పట్టుదలగా ఎందుకు నేర్పిస్తున్నారో. నా ఉద్యోగం కోసం అనుకున్నాను. ఆయన తన సీట్లోంచి దిగడానికి దారి చూసుకుంటున్నారు.

నేను అరిచాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడే మీ కంపెనీకి ఫోన్ చేస్తానని సెల్లు చేతిలోకి తీసుకున్నాను. ఆయన ఆపలేదు. "చెయ్యి, నీకు న్యాయం అనిపిస్తే చెయ్యి," అని గోడ వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ ఫోన్ నేను చెయ్యలేదు. పరీక్షకు పది రోజులుంది. మధ్యలో ఒక శుక్రవారం పోగా ఆయన బస్సు తోలేది తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులే కదా అనుకున్నాను. మనిషి తనకు కావలసినప్పుడు లెక్క ఎంత తేలిగ్గా చేసుకుంటాడో నాకు ఆ రాత్రి తెలిసింది.

రోజుకు నాలుగు మిస్‌డ్ కాల్స్ ఇవ్వాలని ఒప్పందం. క్యాంపులో బయల్దేరేటప్పుడు ఒకటి, సైటు చేరాక ఒకటి, సాయంత్రం అలాగే ఇంకో రెండు. ఒక్కసారి మోగి ఆగిపోవాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళందరం అలాగే మాట్లాడుకునేవాళ్ళం, భోంచేశానంటే ఒక రింగు, నిద్రపోతున్నానంటే ఒక రింగు. మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలు ఎలా గడిపానో నాకే తెలుసు. సిరంజిలోకి మందు తీసి, సీసా మీద పేరు మూడుసార్లు చదివేదాన్ని. చదివిన వెంటనే మర్చిపోయేదాన్ని. దూరంగా అంబులెన్స్ కూత వినిపిస్తే అది ఏ దిక్కుగా పోతోందో చెవులు రిక్కించి వినేదాన్ని. ప్రార్థనకు మోకరిస్తే నోటికి మాట వచ్చేది కాదు. కాపాడమని ఏ మొహం పెట్టుకుని అడగను? ఆపగలిగిందాన్ని నేనే కదా.

ఆరో రోజు సాయంత్రం రెండో రింగు రాలేదు. ముప్పావుగంట దాటింది. గంట దాటింది. నేను చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. డ్రెస్సింగ్ గదిలో షుగరు పుండున్న పెద్దాయన కాలు నా చేతుల్లో ఉంది. ఆయన "సిస్టర్, సిస్టర్" అనేదాకా నేను కట్టు బిగించేస్తున్న సంగతే గమనించలేదు. విప్పి మళ్ళీ వదులుగా కట్టాను. నలభై మంది మొహాలు నేనెప్పుడూ చూడలేదు, అయినా వరసగా కళ్ళ ముందు కనిపించాయి. ఇంకో ఇరవై నిమిషాలకు ఎవరిదో నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"చార్జింగ్ అయిపోయిందే. వచ్చేశాం. ఏం ఖంగారు పడకు."

నేను బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. ఆ రాత్రైనా ఇక చాలు, ఆపెయ్యండి అని ఉండాల్సింది. అన్నం వడ్డించాను. ఇంకో మూడు రోజులు, అంతే.

పరీక్ష రోజు పొద్దున్న మళ్ళీ అదే పోలీసావిడ. ఈసారి నా వంతు చివర. వెనక సీట్లో కూర్చుని ముందు ఇద్దరివీ చూశాను. ఒకామె పోయింది, ఒకామె పాసయింది. నేను స్టీరింగ్ ముందుకు వచ్చాక సీటు సర్దుకుని, అద్దాలు సర్దుకుని, బెల్టు పెట్టుకున్నాను. ఆవిడ "యల్లా" అంది, పోనియ్యమని. ఆ పది రోజుల్లో ఎడంపక్క చూడడం నాకు జబ్బులా పట్టుకుంది. క్లినిక్ నడవాలో నడుస్తున్నా ఎడమకు చూసేదాన్ని. అలా చూస్తూ పోతుంటే దుకాణాల ముందు డివైడర్ మీద ఒక మనిషి కనిపించాడు. సెల్లులోకి చూస్తూ నిలబడ్డాడు, కాళ్ళు మాత్రం రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి. నా చెయ్యి హారన్ మీదకు పోలేదు. అద్దం చూసుకుని, కాలు బ్రేకు మీదకు తెచ్చి, బాగా నెమ్మది చేశాను.

అతను దిగలేదు. సెల్లు చూసుకుంటూ అలాగే నిలబడ్డాడు. ఏమీ కాలేదు. వెనక కారు వాడు విసుక్కుంటూ పక్క నుంచి దాటిపోయాడు. ఉత్తపుణ్యానికి రోడ్డు మీద నెమ్మది చేసినందుకు ఇంకో గీత పడిందనుకున్నాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసింది. ఇంకో రెండు మలుపులు తిప్పించి పక్కకు ఆపమంది.

"ఆ మనిషిని చూశావా?" అని హిందీలో అడిగింది.

"చూశాను."

"జేన్," అంది. బాగుందని. రాని మనిషి కోసం నెమ్మది చేసినందుకు నన్ను పాస్ చేసింది.

ఆయనకు ఫోన్ చేశాను, మిస్‌డ్ కాల్ కాదు, నిజం ఫోన్. సైటులో ఉన్నారు.

"పాసండి."

గొంతు సవరించుకున్నాక, "సాయంత్రం ట్రిప్పు అయ్యాక తాళాలు ఇచ్చేత్తాను," అన్నారు.

"సాయంత్రం ట్రిప్పు కూడా వద్దండి. ఇప్పుడే ఇచ్చెయ్యండి."

"ఇంత మందిని ఎండలో వదిలేసి ఎలాగే? వేరే డ్రైవర్ లేడు. ఒక్క ట్రిప్పు."

నేను ముదీర్‌కు లైసెన్సు సంగతి చెప్పి, సెలవడిగి, టాక్సీలో ఐకాడ్ వెళ్ళాను. పదకొండేళ్ళలో ఆ క్యాంపు గేటు దగ్గరకు నేను వెళ్ళడం అదే మొదలు. ఆడవాళ్ళు వెళ్ళే చోటు కాదు. వాచ్‌మన్ కుర్చీ ఇస్తానన్నాడు, వద్దన్నాను. దుమ్ములో ఒకటి తర్వాత ఒకటి బస్సులు వస్తున్నాయి, అన్నీ తెల్లవే. ఆయనది ఏదో దూరం నుంచే పోల్చుకున్నాను, అన్నిటికంటే నెమ్మదిగా వస్తోంది. గేటు మలుపు దగ్గర స్టీరింగ్ వెనక ఆయన మెడ మొత్తం ఎడమకు తిరగడం కనిపించింది.

బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఒక్కొక్కరే దిగుతుంటే నేను లెక్కపెట్టాను. హెల్మెట్లు చంకలో, ఖాళీ నీళ్ళ సీసాలు చేతిలో, కనుబొమల మీద సిమెంటు. దిగేముందు చాలామంది డ్రైవరు సీటు వైపు చెయ్యెత్తి సలాం చేస్తున్నారు. ముప్ఫై తొమ్మిది దాకా వచ్చి ఆగింది. కాసేపటికి నలభయ్యో మనిషి కళ్ళు నులుముకుంటూ దిగాడు. పాతికేళ్ళుంటాయి. ఆఖరి సీట్లో నిద్రపోతే ఎవరూ లేపలేదు కాబోలు. నా చీర, బొట్టు లేని మొహం చూసి నేనెవరో పోల్చుకున్నాడు.

"అన్న ఇంటామెనా అక్కా? మాది కరీంనగర్ దిక్కు."

అవునన్నాను.

"అన్న బండెక్కినమంటే నాకు కన్ను మూతవడ్తది అక్కా. వేరేటోళ్ళ బండిల నిద్ర రాదు, భయమైతది. అన్న ఉన్నడంటే మాకు ఫికరుండదు."

బస్సు కిటికీ అంచు అచ్చు అతని చెంప మీద ఎర్రగా పడి ఉంది. ఎన్నో మొహాల ముందు నిలబడి, ఏమీ కాదు, తగ్గిపోతుందని అబద్ధాలు చెప్పినదాన్ని, ఆ కుర్రాడి కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాను. సిగ్గుతో తల వంచుకుని, వెళ్ళి అన్నం తిను తమ్ముడూ, అన్నాను.